మందు మేత పెట్టాక చేపలు తినడం తగ్గించాయి, మళ్లీ కోర్సు పెట్టనా?

ప్రశ్న (పర్లాకిమిడి)
అందరికీ నమస్కారం. మాకు ఊరి బయట రెండెకరాల చెరువు ఉంది, శీలావతి, బొచ్చె వేశాం. కార్తీకంలో చేపల ఒంటి మీద ఎర్రమచ్చలు కనబడితే మందుల షాపాయన చెప్పినట్టు ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ తవుడులో కలిపి వారం పెట్టాను. మచ్చలు కొంత తగ్గాయి గానీ అప్పటినుంచి చెరువులో వేలాడదీసిన మేత సంచులు సగం నిండుగానే పైకి వస్తున్నాయి, నిన్న పొద్దున్న కడుపు ఉబ్బిన శీలావతులు నాలుగు తేలాయి, కోసి చూస్తే పేగుల్లో మేతే లేదు, పసుపుపచ్చ నీరు. ఇంకో కోర్సు పెట్టమంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

జవాబు (గుణుపురం)
పెట్టకు తమ్ముడూ. ముందు ఒక చేపను పట్టి రెక్కల మొదట్లో, మొప్పల పక్కన వెలుతురులో చూడు. పెసరబద్దంత, పల్చగా, పాకేది కనబడితే చేపపేను. అది కుట్టిన పుండులో క్రిములు చేరతాయి, మందు పడితే పుండు కాస్త మానుతుంది, పేను మాత్రం చావదు. నేనూ ఇలాగే రెండుసార్లు మందు పోశాను, ఆ ఏడు సరుకు ఎదగలేదు.

జవాబు (బరంపురం)
నేను ఫిషరీస్ చదివాను, అన్నగారు చెప్పింది నిజం. దానితోపాటు పేగుల సంగతి కూడా చూడాలి. చేప పేగుల్లో మనకున్నట్టే కోట్ల సూక్ష్మజీవులుంటాయి. శీలావతి, బొచ్చె లాంటి కార్పు జాతి చేపల్లో సీటోబ్యాక్టీరియం అనే రకం బీ12 విటమిన్ తయారు చేస్తుంది, మరికొన్ని మేత అరగడానికి సాయపడతాయి, ఇంకొన్ని చోటంతా తామే ఆక్రమించుకుని జబ్బు క్రిముల్ని నిలవనివ్వవు. యాంటీబయాటిక్‌కు మంచివీ చెడ్డవీ తేడా తెలియదు. అది అన్నింటినీ ఊడ్చేస్తే, చెరువు నీళ్లలో ఎప్పుడూ ఉండే జబ్బు క్రిమి ఏరోమోనాస్‌లో మందుకు లొంగనిది ఆ ఖాళీలోకి దిగుతుంది. మీ చేపల కడుపు ఉబ్బడం చూస్తే నాకు ముందు దాని మీదే అనుమానం, కానీ పరీక్ష చేయకుండా ఖాయంగా అనలేం.

ఇంకొకటి, ఈ మందు చేప ఒంటికి పట్టేది తక్కువ, చాలా భాగం పెంటతో బయటికొచ్చి అడుగు బురదలో చేరుతుంది. చేపలకు విషమైన అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా ఉండేది అక్కడే, వాటికీ దెబ్బే. కాబట్టి ఇవాళే అమ్మోనియా చూడండి, మేత సగానికి తగ్గించండి. మందు ఇంకా నీళ్లలో ఉండగా ప్రోబయాటిక్ (మంచి సూక్ష్మజీవుల పొడి) పోస్తే ఆ డబ్బు దండగ.

అమ్మే ముందు కూడా ఆలోచించండి. చేప మాంసంలో ఈ మందు కిలోకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే వేరే యాంటీబయాటిక్ మందులు అయితే పూర్తిగా నిషేధం, షాపాయన ఇచ్చినా తీసుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు
అన్నా, సాయంత్రం వల వేశాం, పట్టిన ఆరింటిలో నాలుగింటికి పేలున్నాయి! మందు ఆపేశాను. పరీక్షకు చచ్చిన చేప పనికొస్తుందా?

జవాబు (బరంపురం)
తేలిన చేప వద్దండి, కుళ్లు క్రిములే కనబడతాయి. నీరసంగా ఒడ్డుకు చేరిన బతికున్న చేపను ఆక్సిజన్ కట్టిన నీళ్ల సంచిలో తీసుకెళ్లండి, మందు ఎన్ని రోజులు పెట్టారో కాగితం మీద రాసి ఇవ్వండి. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగ‌లో కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ ఉంది, వెళ్లే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.