నల్లరేగడిలో పెంట ఎరువు కలిపితే నెర్రెలు తగ్గుతాయా?

ప్రశ్న (నంద్యాల_రేగడి):
ఇల్లు కట్టి రెండేళ్లయింది. మా ఊరంతా నల్లరేగడే. ఏప్రిల్ వచ్చేసరికి గోడ పక్కనే చెయ్యి దూరేంత నెర్రె పడుతోంది. పోయిన వానాకాలంలో ఇంటి చుట్టూ వేసిన గచ్చు ఒకవైపు పైకి లేచి పగిలింది, మళ్లీ వేయించాలి. దొడ్లో రెండు ట్రాక్టర్ల మాగిన పెంట ఎరువుంది. అది మట్టిలో కలిపితే నెర్రెలు రావని పక్కింటి మామ అంటున్నాడు. గచ్చు కింద కలపొచ్చా?

జవాబు (కంకర_రోడ్డు):
మామ చెప్పింది సగం నిజం. రోడ్డు పనుల ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు మట్టి దంచినవాణ్ణి, చెబుతా వినండి. ఎరువు తడిని పట్టి ఉంచుతుంది. పైమట్టి తొందరగా ఎండదు కాబట్టి నెర్రెలు తగ్గుతాయి. అమెరికాలో టెక్సస్ రోడ్ల అంచుల్లో పాడిపశువుల పేడ కంపోస్ట్ కలిపి అక్కడి యూనివర్సిటీ వాళ్లు ఇదే పరీక్షించారు. కానీ అది రోడ్డు అంచు, గచ్చు కాదు.

గచ్చు కింద మాత్రం వద్దు. మట్టి దంచితే ఎంత గట్టిపడుతుందో చూసే ప్రాక్టర్ టెస్టులో మూడు పొరలు, పొరకు 25 దెబ్బలు, 2.6 కిలోల సుత్తి. మట్టిలో ఎరువు కలిపి అన్నే దెబ్బలు కొడితే సాంద్రత పడిపోతుంది, నీళ్లేమో ఎక్కువ అడుగుతుంది. పైగా ఎరువు నేలలోనూ చివుకుతూనే ఉంటుంది. అది చివికినకొద్దీ గచ్చు కుంగుతుంది.

ముందు మీ మట్టి ఎంత ఉబ్బుతుందో చూడండి. 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన ఎండు మట్టి 10 గ్రాముల చొప్పున రెండు 100 మి.లీ. కొలజాడీల్లో వేసి, ఒకదాంట్లో కిరోసిన్, రెండోదాంట్లో డిస్టిల్డ్ వాటర్ పోసి, కలిపి 24 గంటలు వదిలేయండి. తర్వాత ఒక్కోదాంట్లో మట్టి ఎన్ని మి.లీ. దాకా ఉందో చూడండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, కాబట్టి నీళ్లలో ఎంత ఎక్కువుంటే అంత ఉబ్బినట్టు. (ఈ రోజుల్లో కిరోసిన్ దొరకడమే పెద్ద పరీక్ష.)

నంద్యాల_రేగడి:
తమ్ముడి కాలేజీ ల్యాబ్‌లో చేయించాను సార్. కిరోసిన్‌లో 12, నీళ్లలో 22.

కంకర_రోడ్డు:
తేడా 10. దాన్ని 12తో భాగిస్తే ఉబ్బు 83 శాతం! 50 దాటితే హైవే కట్టలకే ఆ మట్టి పోయనివ్వరు. గచ్చు కింద రేగడి తీసేయించి, కాస్త బంక ఉన్న గరుసు పొరలుగా పోసి, తడిపి దిమ్మిస కొట్టించండి. ఉత్తి ఇసుక పోస్తే నీళ్లు దిగి కింద నిలుస్తాయి. గచ్చు వాలు బయటికి ఉండాలి. మీ ఎరువు గచ్చు దాటాక, జానెడు లోతున కలిపి గడ్డి పెంచండి. గోడ దగ్గర చెట్టు మాత్రం పెట్టొద్దు. వేసవిలో వేర్లు తడి లాగేసి నెర్రెలు పెంచుతాయి.

నంద్యాల_రేగడి:
వేపచెట్టు ఆల్రెడీ ఉంది సార్, గచ్చు లేచిన వైపే. గోడకి ఆరడుగులు.

కంకర_రోడ్డు:
ఫొటో పెట్టండి.