ఎనిమిది లక్షల్లో చిన్న కారు: ఏది తీసుకోవాలో తేలడం లేదు

చిరుద్యోగి:
సాయంత్రం ఆరింటి నుంచి ఫోను పట్టుకుని కూర్చున్నాను, ఇప్పుడు అర్ధరాత్రి దాటింది. వాగన్ ఆర్‌ను మించింది లేదని ఒకాయన అంటాడు. తరువాతి వీడియోలో ఇంకొకాయన దాన్నే రేకు డబ్బా అంటాడు. స్విఫ్ట్, టియాగో, పంచ్, ఎక్స్‌టర్, నియోస్ అన్నీ కలగలిసి ఇప్పుడు ఏ డిక్కీ ఏ కారుదో కూడా గుర్తు లేదు. నాకు కావలసింది చాలా మామూలు కారు. రోజూ ఆఫీసుకు వెళ్లి రావాలి. ఆదివారాలు ఇంటిల్లిపాదీ పొద్దున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరాలి. బడ్జెట్ ఎనిమిది లక్షలు. నిర్వహణ ఖర్చు తక్కువగా ఉండాలి. దయచేసి ‘మీ అవసరాన్ని బట్టి’ అనకండి. ఒక్క పేరు చెప్పండి చాలు.

బెజవాడ బాబాయి:
వాగన్ ఆర్ సీఎన్‌జీ. ఇక పడుకోండి.

లెక్కల మాస్టారు:
బాబాయి గారూ, అంత తొందరెందుకు? ప్రశ్నలో సగం సమాచారం లేదు. ఆఫీసు ఎంత దూరం? ఏ ఊరు? ఇంట్లో ఎంతమంది? ఎనిమిది లక్షలంటే షోరూము ధరా, రోడ్డు మీదికి వచ్చేసరికి అయ్యే మొత్తమా? లైఫ్ టాక్స్, బీమా, రిజిస్ట్రేషన్ కలిస్తే ఈ తరగతి కారుకు లక్షకు పైనే అవుతుంది. ఇంకో మాట. మీరు చూసిన వీడియోలు ఎప్పటివో చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజను ఉన్న పెట్రోలు, సీఎన్‌జీ కార్ల మీద జీఎస్టీ 18 శాతమే. అంతకు ముందు 28 శాతం, దాని మీద 1 శాతం సెస్సు ఉండేవి. పాత వీడియోల్లో చెప్పే ధరలు పట్టుకుని ‘ఇది బడ్జెట్ దాటుతుంది’ అని కొన్ని కార్లు కొట్టేసి ఉంటారు. వాటిని మళ్లీ చూడండి.

భద్రత ముందు:
ధర, మైలేజీ, డిక్కీ. మనవాళ్ల చర్చ ఈ మూడింటితోనే అయిపోతుంది. గుద్దుకుంటే ఏమవుతుందని అడిగేవారు లేరు. కార్లను గుద్దించి చూసి అయిదు స్టార్లకు మార్కులు వేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2023లో వాగన్ ఆర్‌ను పరీక్షిస్తే పెద్దల రక్షణకు ఒక స్టారు వచ్చింది, పిల్లల రక్షణకు సున్నా. పంచ్‌కు 2021లోనే పెద్దలకు అయిదు, పిల్లలకు నాలుగు వచ్చాయి. టియాగోకు 2020లో నాలుగు, మూడు. వాగన్ ఆర్‌లో ఇప్పుడు ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారని ఎవరైనా అంటారని తెలుసు, అందుకే ముందే చెబుతున్నాను. ఆ పరీక్షలో కారు చట్రమే నిలకడగా లేదని తేలింది. సంచులు పెంచినంత మాత్రాన చట్రం గట్టిపడదు. ఇంట్లో పిల్లలుంటే ఇంకో విషయం. పద్నాలుగేళ్ల లోపు వారికి సీటు బెల్టుగానీ పిల్లల సీటుగానీ లేకపోతే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షను కింద వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా సంగతి అలా ఉంచండి, ముందు సీట్లో ఒళ్లో బిడ్డను కూర్చోబెట్టుకుని జాతీయ రహదారి మీద వెళ్లేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.

బెజవాడ బాబాయి:
ఆయన పిల్లల గురించి అడగలేదు.

భద్రత ముందు:
‘ఇంటిల్లిపాదీ’ అన్నారు. అందులో పిల్లలు ఉండరా?

చిరుద్యోగి:
ఉన్నారండి, ఇద్దరు. పెద్దవాడు ఆరో తరగతి, చిన్నది రెండో తరగతి. ఆఫీసు విజయవాడ, ఇల్లు గుంటూరు. రానూపోనూ డెబ్బై కిలోమీటర్లు ఉంటుంది. నెలకు ఇరవై అయిదు రోజులు. ఎనిమిది లక్షలంటే తాళం చేతికి వచ్చేసరికి అయ్యే మొత్తం, దానికి మించి ఒక్క రూపాయి పెట్టలేను. ఆదివారాలంటే కోటప్పకొండ, సూర్యలంక, అమరావతి, ఎప్పుడైనా సాగర్. ఇవన్నీ కారు పేరు చెప్పడానికి అంత అవసరమా?

లెక్కల మాస్టారు:
అవసరమే. నెలకు 1750 కిలోమీటర్లు అంటే సామాన్యం కాదు. కంపెనీ అంకెలు పక్కన పెట్టండి. సీఎన్‌జీ వాగన్ ఆర్‌కు కాగితం మీద కిలోకు 34.05 కిలోమీటర్లు. ఏసీ వేసుకుని, మంగళగిరి దగ్గర ఆగుతూ సాగుతూ వెళ్తే 26 అనుకోండి. పెట్రోలు కారుకు 18 అనుకోండి. లెక్క కోసం పెట్రోలు 110, గ్యాసు కిలో 95 వేస్తున్నాను, మీ బంకు ధరతో మార్చుకోండి. పెట్రోలుకు నెలకు సుమారు 10,700. గ్యాసుకు 6,400. తేడా 4,300. సీఎన్‌జీ మోడలుకు అదనంగా పెట్టేది తొంభై వేల వరకు ఉంటుంది, రెండేళ్ల లోపే తిరిగి వస్తుంది. రోజూ పది కిలోమీటర్లు తిరిగేవారికైతే నేను ఈ సలహా ఇవ్వను.

టోలు కూడా లెక్కలో వేసుకోండి. కాజ టోలు గేటు రోజుకు రెండుసార్లు దాటాలి. 2025 ఆగస్టు 15 నుంచి జాతీయ రహదారులకు ఫాస్టాగ్ వార్షిక పాసు ఇస్తున్నారు, మొదలుపెట్టినప్పుడు దాని ధర మూడు వేల రూపాయలు. పేరుకు వార్షికమే, 200 సార్లు దాటితే అయిపోతుంది. అటూ ఇటూ కలిపి నెలకు యాభై అంటే మీకు నాలుగు నెలలు వస్తుంది. అయినా ఒక్కసారికి సుమారు పదిహేను రూపాయలే పడినట్టు.

కరెంటు కారు:
ఇంకా గ్యాసు, పెట్రోలు దగ్గరే ఉన్నారా? రోజుకు డెబ్బై కిలోమీటర్లు అంటే విద్యుత్ కారుకు అచ్చంగా సరిపోయే దూరం. టియాగో ఈవీ చూడండి. రాత్రి ఇంట్లో ప్లగ్గు పెట్టి పడుకుంటే తెల్లారేసరికి సిద్ధం. బంకు ముందు వరుస అంటే ఏమిటో మరిచిపోతారు. పైగా మా హైదరాబాదులో విద్యుత్ వాహనానికి రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు 2024 నవంబరు నుంచి ఉంది.

చిరుద్యోగి:
మాది అద్దె అపార్టుమెంటు. సెల్లారులో ప్లగ్గు పెట్టుకుంటానంటే సంఘం వాళ్లు ఒప్పుకోరు. మోటారు స్విచ్చు గురించే ఏడాదిగా తగవు నడుస్తోంది.

కరెంటు కారు:
అలా ఒప్పుకోకపోవడం తప్పు. కేంద్రం మార్గదర్శకాలు ఉన్నాయి, సంఘానికి రాతపూర్వకంగా ఇవ్వండి. అందరూ ఇలా వెనక్కి తగ్గితే...

బెజవాడ బాబాయి:
ఆయన కారు కొనుక్కోవాలి, ఉద్యమం చేయడానికి రాలేదు.

నాగలక్ష్మి పిన్ని:
బాబూ, సెల్లారు అంటున్నావు కనుక చెబుతున్నాను. మా ఇంట్లో ఆటోమేటిక్ వాగన్ ఆర్ ఉంది. బెంజ్ సర్కిల్ దగ్గర క్లచ్చు తొక్కి తొక్కి మోకాలు నొప్పి పుట్టే బాధ తప్పింది. నీ భార్య కూడా నడుపుతుందంటే అదే తీసుకో.

గేరు బాక్సు:
పిన్ని గారూ, మన్నించాలి. అది ఆటోమేటిక్ కాదు. ఏజీఎస్ అని అమ్మేది ఏఎంటీ. లోపల ఉన్నది మామూలు గేరు పెట్టె, మామూలు క్లచ్చు ప్లేటు. మీ కాలి బదులు ఒక యంత్రం క్లచ్చు నొక్కుతుంది, అంతే. అందుకే రెండో గేరు పడేటప్పుడు తల ముందుకు ఊగుతుంది. ఆటోమేటిక్ అంటే క్లచ్చు ప్లేటు బదులు నూనెతో ఇంజను శక్తిని గేర్లకు అందించే టార్క్ కన్వర్టరు ఉండాలి, లేదా బెల్టుతో నడిచే సీవీటీ.

నాగలక్ష్మి పిన్ని:
నా ఎడమ కాలికి పని లేదు. నాకు అది ఆటోమేటిక్కే.

గేరు బాక్సు:
కాలికి పని లేకపోవడం వేరు, యంత్రం పనిచేసే తీరు వేరు. సెల్లారు ర్యాంపు మీద ఆగి మళ్లీ కదిలేటప్పుడు తేడా తెలుస్తుంది. అక్కడ అస్తమానం యాక్సిలరేటరుతోనే కారును నిలబెడితే క్లచ్చు ప్లేటు కాలిపోతుంది. బ్రేకు వాడాలి.

భద్రత ముందు:
సీవీటీని కూడా నిజమైన ఆటోమేటిక్ అనని వాళ్లున్నారు, అది తెలుసా?

గేరు బాక్సు:
వాళ్లు పొరబడ్డారు. సీవీటీలో గేర్లే ఉండవు కాబట్టి అది వేరే సంగతి...

లెక్కల మాస్టారు:
అయ్యా, మీ ఇద్దరికీ దండం. ఎనిమిది లక్షల్లో ఆయనకు టార్క్ కన్వర్టరు ఎవరూ ఇవ్వబోవడం లేదు. వాగన్ ఆర్ సీఎన్‌జీలో ఏఎంటీ కూడా లేదు. రెండూ కావాలంటే టియాగోలో 2024 నుంచి సీఎన్‌జీ ఏఎంటీ ఉంది. ఇంతే చెబితే చాలు కదా.

రైలు బండి:
ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. గుంటూరు నుంచి విజయవాడకు రోజూ కారెందుకు? ఒక్క మనిషి, నాలుగు ఖాళీ సీట్లు, టోలు, వారధి మీద ట్రాఫిక్కు. సీజను టికెట్టు తీసుకుంటే నెల మొత్తానికి అయ్యేది మీరు రెండు రోజుల్లో తగలేసే ఇంధనం పాటి కూడా ఉండదు. పేపరు చదువుకోవచ్చు, కునుకు తీయవచ్చు. కారు కొనండి, వద్దనను, కానీ ఆదివారాలకు కొనండి. అప్పుడు మాస్టారి లెక్కంతా తలకిందులవుతుంది, గ్యాసు అవసరమే రాదు.

చిరుద్యోగి:
ఆఫీసు స్టేషనుకు దూరమండి. అయినా ఆలోచిస్తాను. సరే, మొత్తానికి సీఎన్‌జీ వాగన్ ఆర్ ఖాయం చేసుకుంటున్నాను. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి, వెనక మేం ముగ్గురం సర్దుకుని, అమ్మ చక్రాల కుర్చీ డిక్కీలో పెట్టేస్తే సరిపోతుంది. మా బావమరిది నడుపుతాడు.

బెజవాడ బాబాయి:
చక్రాల కుర్చీయా?

లెక్కల మాస్టారు:
ఈ మాట ఇప్పుడా చెప్పేది! వాగన్ ఆర్ సీఎన్‌జీలో డిక్కీ నిండా సిలిండరే. పక్కన ఒక చేతిసంచి పెట్టుకోవచ్చు. కుర్చీ మాట మరిచిపోండి.

చిరుద్యోగి:
మడిచే కుర్చీయే కదండీ. 341 లీటర్ల డిక్కీ అని ప్రతి వీడియోలోనూ చెప్పారు.

లెక్కల మాస్టారు:
అది పెట్రోలు మోడలుకు.

బెజవాడ బాబాయి:
పైన క్యారియరు వేయించి కట్టేయండి.

ఫిజియోథెరపిస్టు:
అది వద్దు. ఇనుప కుర్చీ పదిహేను కిలోలు దాటుతుంది. ప్రతి గుడి దగ్గరా దాన్ని తల ఎత్తు దాటించి ఎక్కించి దించాలంటే నెల తిరగకుండా అమ్మను ఇంట్లో వదిలి వెళ్లడం మొదలవుతుంది. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో ఇది చూస్తుంటాను.

కారు పేరు కంటే ముందు మీ అమ్మగారు ఎలా ఎక్కుతారో చెప్పండి. లేచి నిలబడి రెండడుగులు వేయగలరా? మోకాళ్ల ఆపరేషను అయిందా, పక్షవాతమా? నిలబడగలిగితే సీటు ఎత్తు ముఖ్యం. స్విఫ్ట్ లాంటి వాటిలో కిందికి కూలబడాలి, లేచేటప్పుడు ఇద్దరు లాగాలి. వాగన్ ఆర్, పంచ్ లాంటి ఎత్తు కార్లలో వెనక్కి తిరిగి నిలబడి, నడుము ఆనించి, తరువాత కాళ్లు లోపలికి తిప్పుకోవచ్చు. పంచ్ తలుపులు దాదాపు తొంభై డిగ్రీలు తెరుచుకుంటాయి, కుర్చీని సీటు పక్కకు తేవడానికి అది బాగా పనికొస్తుంది. కాకపోతే పంచ్ గుమ్మం కాస్త ఎత్తు, కాలు లేవని వారికి అదే ఇబ్బంది. వాగన్ ఆర్‌కు బయటికి తిరిగే ముందు సీటు 2025 డిసెంబరులో వచ్చింది. అన్ని ఊళ్లలో దొరకదు, షోరూములో అడగండి.

చిరుద్యోగి:
రెండు మోకాళ్లూ మార్చారు. పట్టుకుంటే నాలుగడుగులు వేస్తుంది. గుడి మెట్ల దాకా, బీచి దాకా కుర్చీ కావాలి. అసలు అమ్మ కోసమే కారు.

భద్రత ముందు:
మరి మొదటి పోస్టులో ఆఫీసుకని రాశారు.

చిరుద్యోగి:
ఆఫీసుకు కూడా.

లెక్కల మాస్టారు:
అయితే మళ్లీ మొదటి నుంచి. గ్యాసూ కావాలి, డిక్కీ కూడా కావాలంటే ఒక పెద్ద సిలిండరు బదులు రెండు చిన్న సిలిండర్లను అడుగున పెట్టేవి చూడాలి. పంచ్ సీఎన్‌జీలో 210 లీటర్లు మిగులుతుంది, పెట్రోలు పంచ్‌లో 366. ఎనిమిది లక్షలకు కింది వేరియంటే వస్తుంది. ఆ 210లో మీ కుర్చీ పడుతుందా అన్నది అంకెతో తేలదు. మడిచినా అడుగు మందం ఉంటుంది, పొడవే అసలు అడ్డం. టేపు పెట్టి కొలవండి.

ఫిజియోథెరపిస్టు:
కొలవడం ఎందుకు, కుర్చీనే షోరూముకు తీసుకెళ్లండి. అమ్మగారినీ తీసుకెళ్లండి. ఎక్కించి, దించి, కుర్చీ లోపల పెట్టి, డిక్కీ తలుపు మూసి చూడండి. అమ్మేవాళ్లు మొహం ముడుచుకున్నా పట్టించుకోకండి. పాదాలు పెట్టుకునే పలకలు ఊడదీస్తే పొడవు చాలా తగ్గుతుంది. అప్పటికీ పట్టకపోతే చిన్న చక్రాల తేలికపాటి ప్రయాణపు కుర్చీ ఒకటి విడిగా కొనండి. కారు మార్చడం కంటే అది చవక.

రైలు బండి:
నేను చెప్పిందే మళ్లీ చెబుతున్నాను. రోజూ రైలు, ఆదివారం పెట్రోలు వాగన్ ఆర్. డిక్కీ 341 లీటర్లు, సిలిండరు లేదు, మూడేళ్లకోసారి సిలిండరు పరీక్ష లేదు.

భద్రత ముందు:
ఒక్క స్టారు కారులో మోకాళ్లు మార్చిన పెద్దావిడ. శభాష్.

బెజవాడ బాబాయి:
మీరొకటి కొనిపెట్టండి.

గేరు బాక్సు:
కోటప్పకొండ ఘాటు దగ్గర అయిదుగురితో సీఎన్‌జీ కాస్త నీరసిస్తుంది. వాగన్ ఆర్‌లో పెట్రోలు మీద 67 గుర్రాల శక్తి, గ్యాసు మీద 57. స్విచ్చు నొక్కి ఆ కాసేపూ పెట్రోలుకు మారితే సరి. ఏఎంటీ గురించి పైన నేను రాసింది మళ్లీ ఒకసారి చదవండి.

చిరుద్యోగి:
శనివారం అమ్మను, కుర్చీని వేసుకుని రెండు షోరూములకూ వెళ్తున్నాం. బావమరిది వ్యాను తెస్తానన్నాడు. థాంక్స్ అందరికీ.

లెక్కల మాస్టారు:
బీమా వాళ్ల దగ్గరే తీసుకోవాలని పట్టుబడితే ఒప్పుకోకండి. బయట కొటేషను తెచ్చుకుని వెళ్లండి.

కొత్తగా చేరాను:
ఇదే బడ్జెట్‌లో ఏడు సీట్ల బండి ఏదైనా ఉంటే చెప్పగలరా? మేం మొత్తం ఎనిమిది మందిమి.

బెజవాడ బాబాయి:
వేరే ప్రశ్నగా పెట్టండి.