క్యాబినెట్ ఫ్యాన్లు: ఖరీదైనది ఒకటా, చవకవి మూడా?

తాంబరం_తమ్ముడు: చెన్నైలో ఉంటాను, గదికి ఏసీ లేదు. కంప్యూటర్ క్యాబినెట్‌కి 120 ఎంఎం ఫ్యాన్లు మార్చాలి. నాక్టువా ఎన్ఎఫ్-ఎ12ఎక్స్25 ఒకటి కొనే డబ్బుతో ఆర్కటిక్ పి12 రెండు మూడు వస్తున్నాయి. ఏది నయం?

రిచీవీధి: పి12 తీసుకో. కంపెనీలు చెప్పే లెక్కలే చూడు: పి12 నిమిషానికి 1800 చుట్లతో 56.3 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి), నాక్టువా 2000 చుట్లతో 60.1. ఈ కాస్త తేడాకి అంత పోయాలా? పైగా గదిలోనే 35 డిగ్రీలుంటే, ఏ ఫ్యానూ లోపల అంతకంటే దించలేదు.

బేరింగ్_బాబాయ్: గాలి సరే, మన్నిక సంగతేంటి? నాక్టువాకి 6 ఏళ్ల వారంటీ, 1,50,000 గంటల ఆయుష్షు.

రిచీవీధి: అంటే 17 ఏళ్లు. ఆ ఫ్యాను మార్కెట్‌లోకి వచ్చిందే 2018లో! అది లెక్కగట్టిన సగటు, ఎవరూ తిప్పి చూసింది కాదు. పి12లోనూ ఉన్నది ఇరుసు నూనె పొర మీద తిరిగే ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగే.

పెరంబూరు_పిల్లోడు: ముందు ఫిల్టర్ దుమ్ము దులపండి, వేడికి అదీ ఓ కారణమే.

బేరింగ్_బాబాయ్: దుమ్ము కాదు నా బాధ. పేరూ ఊరూ లేని, ఇరుసు మామూలు గొట్టంలో తిరిగే చవకరకం స్లీవ్ బేరింగ్ ఫ్యాన్లు క్యాబినెట్ పైభాగంలో అడ్డంగా బిగించాను. రెండో ఎండాకాలానికే గర్రుమని మొదలు. మధ్యలో వేలితో నొక్కితే ఆగుతుంది, వేలు తీస్తే మళ్లీ అదే. వారంటీ ఉన్నా కొట్టువాడు "తిరుగుతోందిగా సార్" అని మార్చనన్నాడు.

రిచీవీధి: నాసిరకం ఫ్యాను మీద కోపం పి12 మీద తీర్చుకుంటారేంటి? అయినా కొట్టువాడు చెప్పిందాంట్లో తప్పేముంది? నా పాత ఫ్యాన్లూ మోగుతున్నాయి. ప్రాసెసర్ వేడి ఒక్క డిగ్రీ పెరగలేదు.

బేరింగ్_బాబాయ్: అదీ, ఇప్పుడు బయటపడింది! ఆగిపోతేనే మీ లెక్కలో పాడైనట్టు. నాకైతే మోగిందంటే పాడైనట్టే. రాత్రంతా రెండరింగ్ నడిచే గదిలోనే మా అమ్మ పడుకుంటుంది. ఆవిడకి మీ డిగ్రీలతో పనేముంది?

రిచీవీధి: ఆ ముక్క మొదటే చెప్పాల్సింది. కానీ తమ్ముడు అడిగింది వేడి గురించి.

తాంబరం_తమ్ముడు: అన్నా, నాదీ మంచం పక్కనే ఉంటుంది.

రిచీవీధి: అయితే మూడు పి12లు పెట్టి, బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల్లో, వేగం బాగా తగ్గించు. ఒక్కటి పూర్తి వేగంతో అరవడం కంటే మూడు మెల్లగా తిరగడమే మేలు.

బేరింగ్_బాబాయ్: తగ్గించేటప్పుడు చెవి పెట్టి విను తమ్ముడూ. వెయ్యి చుట్లకి అటూ ఇటూ పి12 సన్నగా హుమ్మంటుందని వాడినవాళ్లు చాలామంది అంటున్నారు. ఆ వేగం దగ్గర మాత్రం నిలపకు.