ఒడియా హీరోకి పేరుంది, ఓపెనింగ్ ఎందుకు లేదు?

బరంపురం బాల్కనీ:
మన బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగు పెద్ద హీరో సినిమా పడితే పొద్దుటాటకే సందడి. ఒడియా హీరోలకూ అభిమానులు తక్కువేం కాదు. సిద్ధాంత్ మహాపాత్రని ఇదే బరంపురం 2009లోనూ, 2014లోనూ లోక్‌సభకి పంపింది. మరి ఒడియా సినిమా అనేసరికి హక్కులు కొని ఆడించే బయ్యర్ ముందుగా డబ్బు కట్టడానికి ఎందుకు వెనకాడతాడు? నటన సంగతి వదిలేయండి, లెక్క చెప్పండి.

రెంటు లెక్క:
ఓట్లు వేరు, ఓపెనింగ్స్ వేరు గురూ. టాక్ పోయినా మొదటి మూడు రోజులు డబ్బు రాలితేనే ట్రేడ్ సూపర్‌స్టార్ అంటుంది. దానికి హీరో ఒక్కడు చాలడు, హాళ్లు కావాలి. 500 సీట్లు, 4 ఆటలు, టికెట్ 100 అనుకోండి. అన్నీ నిండితే రోజుకి 2 లక్షల గ్రాస్. అలాంటి హాళ్లు 300 ఉంటే ఒక్క శుక్రవారమే 6 కోట్లు. 30 ఉంటే 60 లక్షలు. ఆ 6 కోట్లు చూడాలంటే పది రోజులు హౌస్‌ఫుల్ ఆడాలి. బాలేదన్న మాట శనివారానికే ఊరంతా పాకేస్తుంది కదా!

పైగా అది గ్రాస్. జీఎస్టీ, హాలు అద్దె పోగా మిగిలే షేరే బయ్యర్‌ది. పోస్టర్ మీద కోట్లు చూసి లాభం అనుకోకండి.

తెలుగులో నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర అని ఏరియాలవారీగా అమ్ముతారు. ఎం.జి. (మినిమమ్ గ్యారంటీ) కట్టినవాడు నష్టం తనే మోస్తాడు. అడ్వాన్స్ మీద తీసుకుంటే తగ్గింది నిర్మాత వెనక్కివ్వాలి. హీరో మార్కెట్ తెలియాలంటే సినిమా ఏ పద్ధతిలో అమ్ముడైందో కనుక్కోండి చాలు.

రథయాత్ర:
జాత్రాని, అదే ఊరూరా తిరిగి ఆడే ఒడియా నాటకాన్ని, మర్చిపోయారు. ఒడియా నటుడికి ఖాయమైన డబ్బు అక్కడుంది. జాత్రా బృందాలకి రథయాత్రతో కొత్త ఏడాది మొదలు. ఆ తర్వాత ఊరూరా రాత్రంతా ఆటే. మైదానంలో ఎదురుగా కనిపించే మనిషిని తెరమీద చూడాలన్న ఆకలి ఎంతుంటుంది? ఇక సినిమాలేమో జూన్‌లో వచ్చే రజ పండక్కీ, దసరాకీ గుమిగూడి, ఉన్న కాసిని హాళ్లనీ పంచుకుంటాయి.

కటాఫ్:
2022 నవంబరులో వచ్చిన 'దమన్' సంగతో? బాబుషాన్ హీరో. మల్కన్‌గిరిలో జలాశయం వల్ల ఒకప్పుడు దారి తెగిపోయిన 'కటాఫ్' ప్రాంతంలో మలేరియాతో తలపడే డాక్టర్ కథ, 2023 ఫిబ్రవరిలో హిందీలోనూ వేశారు.

రెంటు లెక్క:
మంచి సినిమా. కానీ అది కథ లాగిన జనం. హీరో లాగాడా అన్నది ఆ తర్వాతి మూడు సినిమాల శుక్రవారాలు చెప్పాలి.

బరంపురం బాల్కనీ:
అడ్వాన్స్ మీదైతే డబ్బు నిజంగా వెనక్కొస్తుందా అండి?

రెంటు లెక్క:
చేతికి రావడం అరుదు. 'తర్వాతి సినిమాలో సర్దుతాం' అంటారు. అందుకే ఆ సినిమా విడుదలకి ముందురోజు రాత్రి పాత బాకీల పంచాయతీ, తెల్లవారి ఆట ఆలస్యం.