డేటాబేస్ లొకేల్ 'సీ' పెట్టాలా, భాషది పెట్టాలా?

తంగేడు:
కొత్త పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్ పెడుతున్నాం. లొకేల్ (అక్షరాల వరస ఏ నియమంతో కట్టాలో చెప్పే సెట్టింగ్) 'సీ' (C) ఉంచుదామని నేను, వద్దని మా టీమ్‌లో సగం మంది. 'సీ' అంటే బైట్ల విలువను బట్టి వరస కట్టడమే, భాష నియమాలు ఉండవు. మీరేం పెడుతున్నారు?

గోదారిగట్టు:
'సీ' పెట్టండి. దెబ్బ తిన్నాక చెబుతున్న మాట ఇది. లినక్స్‌లో భాషల వరస మామూలుగా జీలిబ్‌సీ (glibc) అనే సిస్టమ్ లైబ్రరీ నుంచి వస్తుంది. 2018లో వచ్చిన 2.28 వెర్షన్‌లో అది బాగా మారిపోయింది. అమెరికన్ ఇంగ్లిష్ లొకేల్‌లో 1-1, 11 సార్ట్ చేసి చూడండి: పాతదాంట్లో 11 ముందొస్తుంది, కొత్తదాంట్లో 1-1. మేం డెబియన్ లినక్స్ 9 నుంచి 10కి మారాం, దాంతో ఈ కొత్త వరస వచ్చిపడింది. ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ వరసలో పెట్టుకునే సూచిక) పాత వరసలోనే ఉండిపోయింది, వెతుకులాట మాత్రం కొత్త వరసలో. కళ్లెదుట ఉన్న బిల్లు నంబరు లేదంది! ఒకే విలువను రెండుసార్లు రానివ్వని యూనిక్ ఇండెక్స్ ఉండగానే అదే నంబరు రెండోసారి ఎక్కింది. ఒక్క ఎర్రర్ లేదు. డూప్లికేట్లు ఏరి రీఇండెక్స్ చేసేసరికి రెండు రాత్రులు పట్టింది.

పాలపిట్ట:
మీ కష్టం కాదనను గానీ, జాబితా చదివేది మనుషులండీ. 'సీ'లో కళ్యాణి, కవిత, కస్తూరి అని వస్తాయి. అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో ళ స్థానం ల పక్కన, వ కన్నా ముందు. మనం పలక మీద దిద్దింది హ తర్వాత కదా! హాజరు పట్టీలో టీచరమ్మ కళ్యాణి కోసం కింద వెతుకుతుంది, పేరేమో పైన ఉంటుంది. ఇంగ్లిష్‌కీ ఇదే గతి, పెద్దక్షరం జెడ్ (Z) చిన్నక్షరం ఏ (a) కన్నా ముందొస్తుంది.

గోదారిగట్టు:
చూపించేటప్పుడు క్వెరీలో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో) ఆర్డర్ బై అనే వరస కట్టే మాట పక్కన కొలేట్ (ఏ వరసో చెప్పే మాట) రాసి, భాషల నియమాలుండే ఐసీయూ (ICU) లైబ్రరీ తెలుగు వరస అడగండి. అది ళను హ తర్వాతే పెడుతుంది.

పాలపిట్ట:
ప్రతి క్వెరీలో గుర్తుపెట్టుకుని ఎవరు రాస్తారు? లక్షల పేర్లుంటే ఆ వరసకూ ఇండెక్స్ కావాలి. రేపు ఐసీయూ వెర్షన్ మారితే మళ్లీ అదే గొడవ.

గోదారిగట్టు:
గొడవే, ఒప్పుకుంటా. కానీ పాడైతే ఆ ఒక్క ఇండెక్సే పాడవుతుంది, బిల్లు నంబర్లు కాదు. పైగా ఐసీయూ వెర్షన్‌ను పోస్ట్‌గ్రెస్ రాసిపెట్టుకుని, మారితే హెచ్చరిస్తుంది.

తంగేడు:
అయితే డేటాబేస్‌కు 'సీ', పేరు కాలమ్‌కు మాత్రం టేబుల్‌లోనే ఐసీయూ తెలుగు. అప్పుడు క్వెరీలో రాసే పనుండదు.

పాలపిట్ట:
దానికి నాకు అభ్యంతరం లేదు. ఊరి పేరు కాలమ్ మరిచిపోకండి.