లైటు వేస్తే టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది

నర్సాపురం దగ్గర ఫైబర్ బోటు, 12 వోల్టుల డీజిల్ ఇంజన్. హెడ్‌లైటు వేయగానే టెంపరేచర్ ముల్లు 80 నుంచి 95కి పోతోంది, ఆయిల్ ప్రెషర్ ముల్లు పడుతోంది. లైటు ఆర్పితే రెండూ మామూలే. సెన్సార్ మార్చమంటారా?

జవాబు 1:
ఇప్పుడే మార్చకండి. లైటుతో పాటు రెండు ముళ్లూ కదిలాయంటే ప్యానెల్ ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే వైరు) మీదే అనుమానం. ఫైబర్ బోటుకి బాడీ ఎర్త్ ఉండదు కదండీ, లైటు కరెంటూ గేజుల (ముల్లు మీటర్ల) కరెంటూ ఒకే సన్న వైరులో తిరిగొస్తున్నట్టుంది, అందుకే ముళ్లు తప్పు చూపిస్తుండొచ్చు. ముందు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఇంజన్ వేడి నిజంగా ఎంతో చూడండి.

తర్వాత మల్టీమీటర్ 2 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ సీసం పోస్టుకి (క్లాంపుకి కాదు), ఎర్రది గేజు వెనక 'జీ' (గ్రౌండ్, అంటే ఎర్త్) టెర్మినల్‌కి ఆనించండి. లైట్లన్నీ వేసి చూడండి. 0.1 వోల్టు లోపు పర్వాలేదు. 0.3 దాటితే ఆ దారిలోనే తేడా. ఇంజన్ బ్లాకు మీద కూడా ఇలాగే కొలవండి.

ప్రశ్న అడిగినవారు:
'జీ' దగ్గర 0.62, బ్లాకు దగ్గర 0.04.

జవాబు 2:
అయితే ప్యానెల్ వైరేనండి. 4 చదరపు మిల్లీమీటర్ల తగరం పూత రాగి వైరు ప్యానెల్ నుంచి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి లాగండి. లైటు ఎర్త్ వేరుగా తీయండి. పాత లగ్గు (వైరు చివరి రింగు) విప్పితే లోపల పచ్చటి చిలుము కనిపిస్తుంది, ఉప్పుగాలి పని. ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, బిగించాకే వాజిలిన్ రాయండి. సెన్సార్ మరకి టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, దాని ఎర్త్ ఆ మరల ద్వారానే.