ఒకే మ్యాన్‌హోలు నెలనెలా పొంగుతోంది: ముందు జెట్టింగ్ చేయించాలా, కెమెరా పెట్టించాలా?

ప్రశ్న (అడిగినవారు: కొత్త ఇంజనీరు)

పెద్దలందరికీ నమస్కారం. ఇంతకాలం తాగునీటి పైపులైన్ల మీద పనిచేసి, ఈ మధ్యనే భూగర్భ మురుగు లైన్ల నిర్వహణకు మారాను. నా పరిధిలో 200 మిల్లీమీటర్ల స్టోన్‌వేర్ (మెరుగు పూసి కాల్చిన మట్టి) గొట్టాలతో వేసిన పాత లైను ఒకటి ఉంది. అందులో 60 మీటర్ల దూరంలో ఉన్న రెండు మ్యాన్‌హోళ్ల మధ్య భాగం నాకు ఊపిరి తీసుకోనివ్వడం లేదు. ఎగువ మ్యాన్‌హోలు పొంగుతుంది, అధిక ఒత్తిడి నీటిధారతో కడిగే జెట్టింగ్ యంత్రాన్ని పంపుతాము, నీరు దిగిపోతుంది, ఫిర్యాదు పరిష్కారమైనట్లు రాస్తాము, నెల తిరిగేసరికి మళ్లీ అదే ఫిర్యాదు వస్తుంది. పొంగకముందే నెలకోసారి కడిగించమని కొందరు, కెమెరాతో తనిఖీ చేయించమని మరికొందరు సలహా ఇస్తున్నారు. కెమెరాకు ఒక్కసారే అనుమతి దొరికేలా ఉంది కాబట్టి దాన్ని వృథా చేయదలచుకోలేదు. ముందుగా ఏం చేయాలో, కెమెరా లోపలికి వెళ్లినప్పుడు దేనికోసం చూడాలో దయచేసి చెప్పగలరు.

సమాధానం (పాత లైన్ల మనిషి)

ఒకే చోట నెలనెలా పూడుకుపోయే లైనులో గొట్టానికే ఏదో లోపం ఉందని అనుకుని మొదలుపెట్టండి. జెట్టింగ్ చేసిన వెంటనే నీరు దిగిపోవడాన్ని చూసి లైను శుభ్రమైందని మనం నమ్ముతాము గానీ, చాలాసార్లు జరిగేది పూడికలో ఒక గండి పడటం మాత్రమే. ఆ గండిలోంచి నీరు వెళ్లిపోతుంది, అడుగున సిల్టు (సన్నటి ఒండ్రు) కదలకుండా ఉంటుంది, దాని మీద జిడ్డు పేరుకుంటుంది, కొద్ది వారాలకే దారి మళ్లీ మూసుకుంటుంది.

కెమెరా కంటే ముందు చేయవలసిన పని పెద్ద ఖర్చు లేనిది: రెండు మ్యాన్‌హోళ్ల దగ్గర గొట్టం అడుగు మట్టాలు కొలిపించి వాటం, అంటే పల్లం, చూడండి. మురుగులోని ఘనపదార్థం అడుగున నిలవకుండా కొట్టుకుపోవాలంటే ప్రవాహం సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో సాగాలి. 200 మిల్లీమీటర్ల గొట్టంలో ఆ వేగం రావాలంటే సుమారు 250 మీటర్లకు ఒక మీటరు వాటం ఉండాలి. మీ 60 మీటర్లకు అది 24 సెంటీమీటర్లు. అంత పల్లం లేకపోతే లైను వేసిన రోజే తప్పు జరిగిందన్నమాట. పల్లం సరిపోయినా పూడుతోందంటే మధ్యలో ఎక్కడో గొట్టం కుంగి ఉండాలి, లేదా జాయింటు విడిపోయి చెట్ల వేళ్లో మట్టో లోపలికి వస్తూ ఉండాలి.

రెండో పని, ఈసారి జెట్టింగ్ దిగువ మ్యాన్‌హోలు నుంచి చేయించి, అక్కడే గొట్టం బయటికి వెళ్లే ముఖానికి తాడు కట్టిన జల్లెడ అడ్డుపెట్టించండి. జెట్టింగ్ గొట్టం కొనన ఉండే నాజిల్ వెనుకవైపు చిమ్మే ధారలు దాన్ని ఎగువకు నెడుతూ పూడికను మీవైపు తోసుకువస్తాయి. జల్లెడలో పడినదాన్ని దయచేసి మీరే దగ్గర నిలబడి చూడండి. తెల్లటి జిడ్డు ముద్దలు, తడి రుమాళ్ల చుట్టలు వస్తే కారణం పైన వాడకంలో ఉంది. జుట్టులా అల్లుకున్న సన్నటి వేళ్లు వస్తే జాయింట్లు తెరుచుకున్నాయి. మట్టి, గులకరాళ్లు, గొట్టం పెంకులు వస్తే గొట్టం పగిలింది, అప్పుడు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి.

కెమెరా మాత్రం కడిగిన వెంటనే, ఇళ్లలో నీటి వాడకం తక్కువగా ఉండే తెల్లవారుజామున పెట్టించండి. దూరం చూపే మీటరును మ్యాన్‌హోలు దగ్గర సున్నాకు తేవాలి; ప్రతి జాయింటు దగ్గర ఆగి లెన్సు చుట్టూ తిప్పాలి; లోపం గొట్టంలో ఏ భాగాన ఉందో గడియారపు అంకెలతో రాయాలి, 12 అంటే పైకప్పు, 6 అంటే అడుగు. ఆగకుండా పరుగెత్తించిన వీడియో బిల్లు చెల్లింపుకు పనికివస్తుందేమో గానీ మీకు పనికిరాదు.

సమాధానం (కాంక్రీటు పరీక్షలు చేసేవారు)

మ్యాన్‌హోలు గోడలను కూడా ఇదే సందర్భంలో చూడమని మనవి. గొట్టం కుంగిన చోట మురుగు నిలిచి, ఆక్సిజన్ అయిపోయి, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. అది నీటిమట్టానికి పైనున్న తడి గోడకు చేరితే అక్కడి బాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. స్టోన్‌వేర్ గొట్టం దానికి తట్టుకుంటుంది, కాంక్రీటు మాత్రం జిప్సంగా మారి మెత్తబడుతుంది. పైనుంచి పొడవాటి ఇనుప చువ్వతో గీకితే గట్టి గోడ గరగరమంటుంది, దెబ్బతిన్న గోడ తడి సున్నంలా ఊడివస్తుంది.

సమాధానం (భద్రతా విభాగం)

పై సలహాలలో దేనికోసమైనా సరే, జల్లెడ తీయడానికి గానీ గోడ గీకడానికి గానీ మనిషిని లోపలికి దించవద్దని చేతులు జోడించి కోరుతున్నాను. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది; 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు వంద భాగాలు) ప్రాంతానికి చేరేసరికి ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని దిగినవారూ, వారిని కాపాడాలని వెనుకే దిగినవారూ ఇద్దరూ ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు ఎన్నో. మూత తీయగానే వాయువులు కొలిచే మీటరు మంచి అంకె చూపినా సరిపోదు, ఎందుకంటే జెట్టింగ్ పూడికను కదిలించినప్పుడు అందులో బందీగా ఉన్న వాయువు ఒక్కసారిగా పైకి వస్తుంది. పని సాగినంతసేపూ మీటరు గొట్టాన్ని లోపల వేలాడదీసి ఉంచండి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే మూత చుట్టూ నిలబడినవారిని కూడా దూరంగా జరపండి.

తిరిగి అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మట్టాలు కొలిపిస్తే 27 సెంటీమీటర్ల పల్లం ఉందని తేలింది. జల్లెడలో గులకరాళ్లు, మట్టి, మెరుగు ఉన్న రెండు పెంకులు వచ్చాయి. కెమెరాలో ఎగువ నుంచి 38 మీటర్ల దగ్గర నీరు లెన్సు సగం వరకు ఎక్కింది, 39 మీటర్ల దగ్గర జాయింటు రెండు చేతివేళ్ల మందాన జారి ఉంది. తవ్వకుండా లోపల లైనింగు (గొట్టం లోపలి గోడకు కొత్త పొర) వేస్తే సరిపోతుందా?

సమాధానం (పాత లైన్ల మనిషి)

సరిపోదు. రెజిన్ (గట్టిపడే జిగురు) పట్టించిన ఆ లైనింగు పగుళ్లకు, వేళ్లకు మంచి మందే గానీ, అది గొట్టం ఆకారంలోనే గట్టిపడుతుంది కాబట్టి కుంగు కుంగుగానే మిగిలిపోతుంది. ఆ కొద్ది మీటర్లు తవ్వి, గొట్టానికి ఆధారంగా అడుగున వేసే పరుపును గట్టిగా దట్టించి, కొత్త గొట్టాలు వాటానికి వేయించండి. పూడ్చాక మళ్లీ కెమెరా పెట్టి చూసేవరకు పని పూర్తయినట్లు సంతకం చేయవద్దు. ఇంకొక్క విషయం అత్యవసరం. ఇన్ని నెలలు జాయింటులోంచి మట్టి లోపలికి వచ్చిందంటే గొట్టం చుట్టూ రోడ్డు కింద గుల్ల ఏర్పడి ఉండే అవకాశం ఎక్కువ. ఈరోజే ఆ చోట అడ్డుకట్టలు పెట్టించండి, జెట్టింగ్ లారీని కూడా దాని మీద నిలపనివ్వకండి.